బట్టీ చల్లారిన రోజు

పట్టణ సభ గుమాస్తా లెక్కకు వచ్చిన రోజున రొట్టెల బట్టీ వేడిగా ఉంటే పన్ను, చల్లారి ఉంటే లేదు. మొదటి ఏడు ఆ పన్ను వీధి మొదట కమాను కట్టడానికన్నారు. కట్టారు, ఎవరికి కావలసి వచ్చిందో మరి! రెండో ఏడు ఫౌంటెన్‌కన్నారు, పన్ను రెట్టింపు చేశారు. అందులో నీళ్లు చూసిన పాపాన ఎవరూ పోలేదు. మూడో ఏడు ఆ ఫౌంటెన్‌కు రంగుదీపాలట! రొట్టెలాయనకు గోరుచుట్టు మీద రోకటిపోటైంది. ఈసారి పన్ను కడితే పిండి కొనడానికి ఏమీ మిగలదు.

"రేపు లెక్కకొస్తారు. ఈ ఒక్కరోజుకీ ఆర్పేస్తానే," అన్నాడు భార్యతో.

ఆవిడ చేతిలో పని వదిలేసి వచ్చింది. "మతి గానీ పోయిందా మీకు? మామయ్యగారు వెలిగించింది మొదలు అది ఆరలేదు. చల్లారితే పగులుతుందని ఆయన చెవినిల్లు కట్టుకుని చెప్పేవారు కదండీ!"

"మెల్లగా చల్లారుస్తాలే. నాకు తెలీదూ?"

తెలుసు, పాపం. ఇరవై ఏళ్లుగా దాని ముందే బతికినవాడు. పొద్దున్నుంచీ నిప్పులు కొంచెం కొంచెంగా బయటికి లాగాడు. గాలి తగలకుండా బట్టీ నోటికి రేకు అడ్డంపెట్టి, దాని మీద దుప్పటి కప్పాడు. అయినా సాయంత్రానికి లోపల ఠప్పుమంది. చూస్తే పైకప్పు ఈ కొస నుంచి ఆ కొసకు పగిలి ఉంది, అరచెయ్యి దూరేంత.

మర్నాడు గుమాస్తా వచ్చి ఇటుకల మీద చెయ్యి పెట్టి చూశాడు. "చల్లగానే ఉంది, పన్ను లేదు," అని రాసుకున్నాడు. పగులు చూసి నొచ్చుకున్నాడు కూడా. చెడ్డవాడేం కాదు.

"దిగులుపడకండి. బట్టీ పాడైనవాళ్లకి సభ కొత్తది కట్టించే పథకం ఉంది. ఈ పన్ను డబ్బుతోనే. దరఖాస్తు పెడితే రెండేళ్లలో వచ్చేస్తుంది."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల!" అంటూ ఆవిడ అతను ఇచ్చిన దరఖాస్తు కాగితం అందుకుంది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. "ఈ ఏడు బట్టీ పన్ను కట్టిన రసీదు జతచెయ్యాలట."

గుమాస్తా తల దించుకున్నాడు. రొట్టెలాయన గోడకు జారగిలబడి, చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"కొత్తది నేనడిగానా బాబూ? నా మానాన నన్నొదిలేస్తే, ఈపాటికి రొట్టెలు కాలుతూ ఉండేవి కదయ్యా!"

బయట రొట్టెలకు వచ్చినవాళ్లు తలుపు తడుతున్నారు. లేవని చెప్పడానికి ఆవిడ లేచింది.