నిలుపుకున్న లాభం

ఉద్యోగం మానినప్పుడు వచ్చిన పీఎఫ్ డబ్బంతా ఒక గనుల కంపెనీ షేర్లలో పెట్టేయాలని వరూధిని తహతహలాడుతోంది. ఫోనులో వాటి ధర నిమిషనిమిషానికీ పెరుగుతోంది.

"పంచకుండా నిలుపుకున్న లాభాలే ఆరువందల కోట్లు, మామా!"

ఆనేకల్‌లో బోర్లు వేసే మేనమామ కొండయ్య నవ్వాడు. "ఆ దుడ్డు ఏడుండాది పాపా? నా లాభమంతా బోరుబండిలోనే పోస్తి. బండి ఉండాది, జేబులో దుమ్ముండాది. నేలలో నీళ్లు ఆఖరైతే ఆ బండినెవురు కొంటారు?"

చిరాకుపడుతూనే ఆమె కంపెనీ వార్షిక నివేదిక తిరగేసింది. నగదు పదకొండు కోట్లే. మిగిలినదంతా యంత్రాలుగా, సొరంగాలుగా మారిపోయింది. ఖనిజం ఉన్నంతకాలం అందులో తప్పేమీ లేదు. కానీ అది నాలుగేళ్లకే సరిపోతుందని చివరి పేజీల్లో ఉంది.

"కొంటివా?" అన్నాడు కొండయ్య.

"లేదు."

ధర మరో రెండు రూపాయలు ఎగబాకింది. వరూధిని ఫోను బోర్లించి పక్కన పెట్టేసింది.