తలుపు వేసే పని

కరెంటుతో, డ్రైవర్ లేకుండా నడిచే కార్లు వచ్చాక మా వీధి చివరి టాక్సీ స్టాండు ఎత్తేశారు. పెట్రోలు బంకులో చేరదామని మా ఆయన వెళ్లేసరికి దాన్నీ మూసేస్తున్నారు. చివరికి ఆయనకు మిగిలింది తలుపులు వేసే పని. దిగినవాళ్లు తలుపు సరిగ్గా వేయకపోతే ఆ కారు కదలదు. అంత తెలివైనది, తన తలుపు తాను వేసుకోలేదు. అప్పుడు కార్ల కంపెనీ నుంచి ఈయన ఫోను మోగుతుంది. సైకిలెక్కి వెళ్లి, తలుపు నెట్టి వస్తారు.

"ఏరా, ఆఫీసుకు బయల్దేరావా?" అని అత్తయ్య ఎకసెక్కెమాడేది.

"అవునమ్మా, తలుపు నాకోసం తెరిచి పెట్టారట" అని ఆయన నవ్వేవారు.

నాకు నవ్వొచ్చేది కాదు. పాపకు పాలు కలుపుతున్నా నా చెవి ఆ ఫోను మీదే ఉండేది. అది మోగితేనే మాకు పాలడబ్బా.

రానురాను జనానికి తలుపు వేయడం అలవాటైంది. ఫోను మోగడం తగ్గింది.

ఒకరోజు పాపను చంకనేసుకుని మందుల షాపుకు వెళ్తే అక్కడ అత్తయ్య కనిపించింది. కారు ఆగగానే గబగబా వెళ్లి, సంచులతో దిగుతున్న కుర్రాడికి తలుపు పట్టుకుంది.

"చేతినిండా సంచులున్నాయి, నువ్వు వెళ్లు నాయనా, నేను వేస్తాలే."

అతను అటు వెళ్లగానే తలుపు బార్లా వదిలేసి, ఏమీ ఎరగనట్టు గోడ పక్కన నిలబడింది. కాసేపటికి మా ఆయన సైకిలు మీద వచ్చి తలుపు వేశారు. తల్లిని చూశారు. చూడనట్టే వెళ్లిపోయారు.

"ఎవరైనా కనిపెడితే ఉన్న పనీ ఊడుతుంది అత్తయ్యా" అన్నాను.

"ముసలిదాన్ని, మర్చిపోయానంటే నమ్మరా? నువ్వు వెళ్లి పిల్ల సంగతి చూడు."

నేను వెళ్లలేదు. మర్నాటి నుంచి మందుల షాపు దగ్గర ఆవిడ, మలుపులో బడి దగ్గర పాపతో నేను.

కొన్నాళ్లు ఫోను బాగానే మోగింది. తర్వాత ఒక మధ్యాహ్నం బడి ముందు కొత్త కారు ఆగింది. దిగినావిడకు "నేను వేస్తాలెండి" అని తలుపు పట్టుకున్నాను. నా చేతి కింద తలుపు మెల్లగా కదిలింది. గట్టిగా పట్టుకుంటే ఆగింది.

"దయచేసి పక్కకు జరగండి" అంది కారు, ఎంతో మర్యాదగా.

"కాస్సేపు ఉండు, ఆయన వచ్చేస్తారు" అన్నాను.

మళ్లీ కదిలింది. పాప ఆ సందులోకి చెయ్యి చాచింది. చటుక్కున దాన్ని వెనక్కి లాక్కున్నాను. తలుపు దానంతటదే పడింది. కారు వెళ్లిపోయింది.

తిరిగి చూస్తే రోడ్డు అవతల మా ఆయన, సైకిలు పట్టుకుని. ఫోను మోగకపోయినా వచ్చారు.

"ఇకమీద అన్నీ ఇలాంటివేనట. పొద్దున చెప్పారు" అన్నారు. పాపను అందుకుని, దాని వేళ్లు ఒక్కొక్కటీ తడిమి చూశారు. "అమ్మను పిలుచుకురా. ఎండలో నిలబడుంటుంది."

అత్తయ్య గోడ పక్కనే ఉంది. చెప్పాను. విన్నది. వీధి మొదట్లో ఒక కారు మలుపు తిరిగింది.

"ఉండవే, దీన్ని కూడా చూడనీ" అంటూ కొంగు బిగించుకుని ముందుకు నడిచింది.