మూడేళ్ల నాటి కార్డు

జింకల వేట కాలం మొదలయ్యే ముందు శనివారం మెర్ల్ దుకాణంలో కాలు పెట్టడానికి చోటుండదు. తుపాకుల కౌంటరు దగ్గర లవోన్ పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది. తుపాకీ వెంట ఉంచుకోవడానికి ప్రభుత్వమిచ్చిన అనుమతి కార్డు ఎవరైనా చూపితే, ఆ నంబరు ఫారంలో ఎక్కించి సరుకు చేతికిచ్చేది. కార్డున్నవాళ్ల గురించి ప్రభుత్వ కార్యాలయానికి ఫోన్ చేసి నేరచరిత్ర విచారించనక్కర్లేదని ఆ రాష్ట్రంలో చట్టం. పని తొందరగా తెములుతుందని లవోన్ కూడా సంతోషించేది.

ఆ రోజు వరుసలో డ్వైట్ వచ్చాడు.

"ఏం మిస్ లవోన్, ఇంకా ఇంట్లో కూర్చోలేదా? ఆ చిన్న పిస్తోలు ఇలా ఇవ్వు," అంటూ కార్డు గాజుబల్ల మీద పెట్టాడు.

లవోన్ చెయ్యి ఆగిపోయింది. మొన్న మంగళవారం కోర్టులో అతని భార్య కోరిన్ పక్కన కూర్చున్నది తనే. అతను కోరిన్ దరిదాపులకు వెళ్లకూడదని, తుపాకీ ముట్టకూడదని జడ్జి ఉత్తర్వు ఇచ్చాడు. అలాంటి ఉత్తర్వు ఉందా అని ఫారంలో అడుగుతారు. డ్వైట్ లేదని టిక్కు పెట్టాడు. కార్డు మూడేళ్ల నాటిది. ఇంకా రెండేళ్లు చెల్లుతుంది.

"ఫోన్ చేసి కనుక్కుంటాను," అంది.

"కార్డుంటే ఫోనెందుకు? మెర్ల్, మీ ముసలమ్మకి చాదస్తం పట్టిందయ్యా!"

వరుసలో నవ్వులు లేచాయి.

"లవోన్, నంబరెక్కించి పంపెయ్. వెనక ఇరవై మంది ఉన్నారు. మనమేమన్నా కోర్టా?" అని యజమాని మెర్ల్ కసిరాడు.

ఈ వయసులో ఆమెకు వేరే పని ఎవరిస్తారు? అయినా ఫోన్ నంబరు నొక్కింది. కాసేపటికి అవతలి వైపు నుంచి జవాబొచ్చింది: అమ్మవద్దు.

డ్వైట్ కార్డును నింపాదిగా జేబులో పెట్టుకున్నాడు.

"పర్లేదులే. పక్క ఊరు పైన్ క్రీక్‌లో ఇంకో దుకాణం ఉంది. వాళ్లకి కార్డు చాలు."

అతని వెనక తలుపు మూసుకోగానే లవోన్ అక్కడి పోలీసు అధికారి షెరీఫ్‌కు కబురు చెప్పింది. తర్వాత కోరిన్‌కు ఫోన్ చేసింది.

"పిల్లల్ని తీసుకుని మా ఇంటికొచ్చెయ్ తల్లీ. బట్టలు సర్దుతూ కూర్చోకు."

ఫోన్ పెట్టేసి మెర్ల్ వైపు తిరిగింది.

"ఆ కార్డు మూడేళ్ల కిందటి మనిషిని చూపిస్తుంది మెర్ల్. ఇవాళ్టి మనిషెవరో అడిగితేనే తెలుస్తుంది. అడగక్కర్లేదని చట్టం చెప్పింది, నేను అడగడం మానేశాను. ఎంతమందిని అలా పంపానో!"

మెర్ల్ పైన్ క్రీక్ దుకాణానికి ఫోన్ కలిపాడు. అక్కడా ఇవాళ రద్దీయే. గంట మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.