నలభై ఎనిమిదోవాడి కాలరు

అందరిళ్లలో గోడకు పటాలుంటాయి. కొత్తకోట దయాకర్ ఇంట్లో మాత్రం గూటినిండా పటాలమే. నెపోలియన్ కాలపు ఫ్రెంచి బొమ్మ సైనికులు, ఒక్కొక్కడు అంగుళం పొడుగు. ఇలాంటి వాళ్లను బల్ల మీద బారులు తీర్చి, పాచికలేసి యుద్ధమాడే సంఘం ఒకటి హైదరాబాదులో ఉంది. దయాకర్‌కు ఆట పట్టదు, రంగులేయడమే పట్టింది. రంగంలోకి దిగడు, రంగులోంచి తేలడు. పగలు కరెంటాఫీసులో గుమాస్తాగిరీ, సాయంత్రం మూడు వెంట్రుకల కుంచె. భార్య వసంతలక్ష్మి దాన్ని దండగ అంటుంది, అతను దండు అంటాడు.

ఏటా దసరా తర్వాతి ఆదివారం ఆ సంఘం పోటీ పెడుతుంది. అందంగా ఉంటే చాలదు, చరిత్రలో ఉన్నది ఉన్నట్టు వేయాలి. మొదటిసారి ఒక్క బొత్తాం అతణ్ణి మొత్తం ముంచింది. రెండోసారి బూట్లు కాళ్లు పట్టి లాగేశాయి. ఈసారి ఫస్టు రాకపోతే కుంచె విరిచి పొయ్యిలో పెడతానని భార్య ముందు నోరు జారాడు. మనది గ్యాసు పొయ్యి అని ఆమె గుర్తుచేసింది గానీ, మాటను మాత్రం మరిచిపోలేదు.

ఈసారి వోల్టిజర్లనే చురుకు దళం. నలభై ఎనిమిది మంది, ఎనిమిది నెలల పని. నీలం కోటు, ఎర్ర కాలరు.

దసరా పొద్దున అతను మటన్ లైన్లో నిలబడి ఉండగా, ఇంట్లో తల్లి అమృతమ్మ ఆయుధపూజ మొదలుపెట్టింది. డెబ్బై దగ్గరపడ్డా మగ్గం దిగని మనిషి. మగ్గానికి, అందులో ఆడే నాడెకు, కత్తెరకు, స్కూటరుకు పసుపూ కుంకుమా పెట్టి చుట్టూ చూసింది. గూట్లో తుపాకులు పట్టుకొని నలభై ఎనిమిది మంది! ముఖాలు ఆవగింజంత. ఆమె వేలు పెద్దది కాబట్టి పసుపు అందరికీ మెడ దగ్గర పడింది.

ఇంటికొచ్చిన దయాకర్ చేతిలోంచి మటన్ సంచి జారింది.

"అమ్మా! ఏం జేసినవే?"

"ఇంట్ల ఆయుధమున్నంక పూజ జెయ్యొద్దా?"

"గవి బొమ్మలే!"

"బొమ్మలైతే ఎనిమిది నెలల సంది మాతోని మాట్లాడకుంట వాటితోని ఎందుకు కూసున్నవ్?"

"వాళ్లు ఫ్రెంచోళ్లమ్మా!"

"అయితేంది? లడాయికి పోయే పిల్లలు. పసుపన్న పెట్టకుంట పంపుతమా?"

ఊదితే కుంకుమ పోయింది, పసుపు పోలేదు. సూది మొనతో గీకి మళ్లీ ఎరుపు వేయడానికి అతనికి మూడు సాయంత్రాలు పట్టింది. ఆ హడావుడిలో ఒకడు మగ్గం కిందికి దొర్లిపోయిన సంగతి అతను చూసుకోలేదు. ఆదివారం పొద్దున ఊడుస్తుంటే వాడు వసంతలక్ష్మికి దొరికాడు. ఆమె కంటికి అందరూ ఒక్కటే. పసుపుతోనే తెచ్చి పోటీకి సర్దిన పెట్టెలో పడేసింది.

పోటీలో జడ్జి రాంచందర్ సారు భూతద్దం పెట్టి చూసి నిట్టూర్చాడు.

"వోల్టిజర్ల కాలరు పసుపు, దయాకర్ గారూ. ఎరుపు మామూలు సిపాయిలది. మీరు పుస్తకంల పక్క పేజీ జూసినట్టున్నరు." అంతలో అతని భూతద్దం చివరివాడి మీద ఆగింది. "అరె, వీనికి కరెక్టుగ ఏసిండ్రే! జర గూడ మెరుస్తలేదు. ఏం పెయింటు?"

"ఇంట్ల... ఇంట్ల కలిపింది."

"మరి మిగిలినోళ్లకు ఎందుకెయ్యలే?"

అందరికీ ఉండేదనీ, తానే గీకేశాడనీ ఏ నోటితో చెప్పాలి? కాలరెగరేద్దామని వెళ్లినవాడు నలభై ఏడు ఎర్ర కాలర్లు మోసుకొని బస్సెక్కాడు.

గడపలోనే పసుపుగిన్నె అడిగాడు. "అమ్మా, వీళ్లకు మళ్ల పెట్టవే."

"దసర ఎల్లిపాయె కదరా. పూజ ఏడాదికొక్కపారే."

వసంతలక్ష్మి చెయ్యి చాపింది. "ఫస్టు రాలేదన్నట్టేగా? కుంచె ఇటియ్యి."

దయాకర్ జేబులోంచి కుంచె తీశాడు. అమృతమ్మ చటుక్కున అడ్డం వచ్చింది.

"ఆగు పిల్లా! పూజ జేసిన పనిముట్టును ఇరుస్తమా?"

దయాకర్ కుంచెను వెలుగులోకి తిప్పి చూశాడు. పిడి మీద అమ్మ పెట్టిన చిన్న పసుపు చుక్క. ఆ మూడు సాయంత్రాలూ చేతిలోనే ఉన్నా, దాన్ని మాత్రం గీకలేదు.