మూడో వాల్వు

అమాడో బరెరా ముప్పై ఏళ్ళు మెకానిక్కుగా బతికాడు. మసి కనిపిస్తే తుడిచెయ్యడం అతని చేతికి పుట్టుకతో వచ్చినంత అలవాటు. అలాంటి మనిషిని తీసుకొచ్చి, మసిని తుడవకూడని చోట ఉద్యోగంలో పెట్టారు. ఎవరిని తిట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు.

శాన్ ఆంటోనియో ఊరి చివర పెట్రోలు పరీక్షించే లాబ్ అది. ఏ బంకులో పోయించుకున్నా పెట్రోలు చాలావరకు ఒకే గొట్టంలోంచి వస్తుంది. ట్యాంకరుకు ఎక్కించేటప్పుడు ఏ కంపెనీ మందు ఆ కంపెనీ కలుపుకుంటుంది. ఇంజిన్ను లోపల కడిగేది ఆ మందే. మందు తగ్గితే వాల్వుల మెడల మీద మసి పేరుకుంటుంది. ఎంత పేరుకుందో తేల్చడానికి ఇక్కడ ఇంజిన్ను వంద గంటలు తిప్పి, విప్పి, నాలుగు వాల్వులనూ తూస్తారు. సగటున యాభై మిల్లీగ్రాములు దాటితే ఆ పెట్రోలు ఫెయిలు. కార్ల కంపెనీలు గీసిన గీత అది. అది దాటిన కంపెనీ తన పంపుల మీద మేలిరకమన్న ముద్ర వేసుకోవడానికి లేదు.

చేరిన మొదటి రోజే, అమాడో వెనక జేబులోంచి వేలాడే ఎర్ర గుడ్డను డెల్ఫీనా ఒకాన్యాస్ చూసింది. వాల్వులు తూచి సంతకం పెట్టే పెద్దావిడ ఆమె.

“ఆ గుడ్డ లాకర్లో పడెయ్ అమాడో. ఇక్కడ మసే సాక్షి. నువ్వు సాక్షిని చంపావో, నేను నిన్ను చంపుతా” అంది.

అతను నవ్వి లాకర్లో పడేశాడు. రెండు వారాలు ఓర్చుకున్నాడు. జేబు ఖాళీగా ఉంటే ఒంటి మీద బట్ట లేనట్టనిపించి, మూడో వారం మళ్ళీ తెచ్చి జేబులో కుక్కుకున్నాడు, ఈసారి చివర బయటికి కనబడకుండా.

ఇవాళ శుక్రవారం. మూడు నెలల గడువుకి ఆఖరి రోజు. ఉద్యోగం ఖాయం చేసే కాగితం డెల్ఫీనా బల్ల మీద ఉంది, సాయంత్రం లోపు సంతకం పెడతానంది. పనిచేసే మెకానిక్ షెడ్డు మూతబడ్డాక పద్నాలుగు నెలలు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నవాడికి ఆ కాగితం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఇరవై ఏడో నంబరు పెట్రోలు వాల్వులు పళ్ళెంలో వరసగా ఉన్నాయి. ఎవరి పెట్రోలో పనివాళ్ళకి చెప్పరు, నంబరే చెబుతారు. అమాడో పని చిన్నదే. వాల్వు అడుగున మాడిన పొరను వాల్‌నట్ చిప్పల పొడి ఊది రాల్చాలి. మెడ మీది మసి జోలికి పోకుండా ద్రావకంలో ముంచి తీసి, ఆరబెట్టి ఇవ్వాలి. ఒకటి అయింది. రెండు అయింది.

“పెట్రోలు తాలూకు మనిషి వచ్చాడట, తీసుకొస్తాను” అని డెల్ఫీనా బయటికి వెళ్ళింది.

మూడో వాల్వు ద్రావకంలోంచి తీశాడు. మెడ వంపులో చిప్పల పొడి రేణువు ఒకటి అంటుకుని ఉంది. అతను ఆలోచించలేదు. చెయ్యి వెనక జేబులోకి పోయింది, గుడ్డ వచ్చింది, బొటనవేలు మెడ చుట్టూ సగం తిరిగింది. నానిన మసి పెచ్చులా ఊడి గుడ్డకు అంటుకుంది.

అమాడో గుడ్డ వెనక్కి లాక్కుని చూశాడు.

సగం మెడ నల్లగా ఉంది. సగం కొత్త చెంచాలా మెరుస్తోంది. ఏ గుడ్డివాడికి చూపించినా ‘ఎవరో తుడిచారు’ అంటాడు. వసారాలో డెల్ఫీనా బూట్ల చప్పుడు వినబడుతోంది, ఆవిడ వెంట ఇంకెవరో నవ్వుతున్నారు. పిలిచి చెప్పెయ్యాలి. కానీ బల్ల మీది కాగితమే కళ్ళముందు ఆడింది.

గుడ్డను ద్రావకంలో ముంచాడు. మిగతా సగం కూడా రుద్దాడు, గట్టిగా, పళ్ళు బిగబట్టి. మెడంతా తళతళలాడింది. వాల్వును పళ్ళెంలో మూడో గుంటలో పెట్టి, గుడ్డ జేబులో దోపుకుని, నాలుగోది అందుకున్నాడు.

తలుపు తెరుచుకుంది.

“ఒరే బావా! నువ్వా ఇక్కడ మా జాతకం రాసేది!”

రెంబెర్టో కిరోగా. అమాడో కూతురు యెసేనియాకి చర్చిలో బాప్తిస్మం నాడు నీళ్ళపళ్ళెం దగ్గర ఎత్తుకుని నిలబడిన జ్ఞానపిత. అప్పట్నుంచి ఇద్దరికీ బావా బావా అనే వరస. కాలికో అనే కంపెనీ బంకుల పెట్రోలు వ్యవహారమంతా అతనిదే. ఈ ఉద్యోగానికి అమాడో గురించి మాటసాయం చేసిందీ అతనే.

“ఇది… మీ పెట్రోలా?” అన్నాడు అమాడో.

“మరెవరిదనుకున్నావు? ముప్పై ఎనిమిది బంకులు బావా! ఇది పాసైతే సోమవారం నుంచి ప్రతి పంపు మీదా ముద్ర పడుద్ది. లేదో, మా ఓనరు ముసలాయన ముందు నా తోలే వలుస్తాడు. మందు తగ్గిద్దామన్నది నేనే కదా.”

“తగ్గించారా?” డెల్ఫీనా కళ్ళద్దాల మీదుగా చూసింది.

“కొంచెమే మేడమ్. వంటలో ఉప్పు తగ్గించినట్టు.”

“తినేవాడికి తెలుస్తుందిగా” అంటూ ఆవిడ త్రాసు అద్దం తలుపు జరిపింది.

తూకానికి గాలి కదలకూడదు, మాట కదలకూడదు. మొదటి వాల్వు మసి అరవై మూడు మిల్లీగ్రాములు. రెంబెర్టో మొహం వాడింది. రెండోది యాభై ఎనిమిది. అతను రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. అమాడో గోడకు ఆనుకుని నిలబడ్డాడు, జేబులో తడిగుడ్డ తొడకు చల్లగా తగులుతోంది.

మూడోది నాలుగు మిల్లీగ్రాములు.

డెల్ఫీనా వాల్వును తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తూచింది. నాలుగే. నాలుగో వాల్వు అరవై ఆరు వచ్చింది. రెంబెర్టో సెల్‌ఫోనులో కూడాడు, భాగించాడు, ఎగిరినంత పని చేశాడు.

“నలభై ఏడు పాయింటు ఏడైదు! పాస్! మేడమ్, పాస్!”

“ఆగవయ్యా. మూడు వాల్వులు బొగ్గుల్లా ఉంటే ఒక్కటి పెళ్ళికూతురిలా ఎలా ఉంటుంది?” ఆవిడ వంద గంటల రికార్డు తిరగేసింది. మూడో సిలిండరు వేడి సరిగ్గానే ఉంది. లోపలికి పెట్రోలు స్ప్రే సరిగ్గానే పడింది. ఒక్క గంట కూడా ఆగలేదు. కారణం దొరకనిదే అంకెను కొట్టెయ్యడానికి ఆవిడకు వీల్లేదు. ఆవిడ పెదవి కొరుక్కుంటూ ఆఖరి కాగితం ముందుకు లాగింది.

“ఇందులో ఒక ప్రశ్న ఉంది అమాడో. ప్రతి పరీక్షకీ అడగాలి. విప్పిన దగ్గర్నుంచి తూచేదాకా వాల్వుల మీద పడకూడని చెయ్యి ఏమైనా పడిందా? అవునా, కాదా?”

“కాదనవయ్యా, భోజనానికి పోదాం” అన్నాడు రెంబెర్టో. “ఇవాళ నా ఖర్చే. యెసేనియానీ రమ్మందాం. దాని బండి రోజూ మా బంకులో ఈ పెట్రోలే తాగి తిరుగుతోందిగా, అదే మా మొదటి గిరాకీ!”

అమాడో పళ్ళెం కేసి చూశాడు. ఆ మూడు నల్ల మెడల్ని అతను ఎక్కడ చూసినా పోల్చుకుంటాడు. సిగ్నలు దగ్గర వణికే కార్లు, పొద్దున్నే దగ్గి దగ్గి స్టార్టయ్యే కార్లు, ‘ఏమైందో చూడు బాబూ’ అంటూ షెడ్డుకి తోసుకొచ్చిన ముసలమ్మలు. ఎవరి ముసలమ్మో దాకా ఎందుకు, భోజనాల పొట్లాలు పంచడానికి ఊరంతా తిరిగే తన కూతురు బండి కడుపులో ఇప్పుడు ఇదే పేరుకుంటోంది. అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

“అవును” అన్నాడు.

జేబులోంచి ఎర్ర గుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు. మధ్యలో మసి మరక ఇంకా తడిగా ఉంది.

రెంబెర్టో నవ్వు మొహం మీదే ఉండిపోయింది. డెల్ఫీనా గుడ్డను దగ్గరికి లాక్కుని చూసింది. తర్వాత ఊపిరి వదిలి, కాస్త మెత్తగా అంది:

“పాత అలవాటు. చెయ్యి దానంతటది పోయింది. అంతేగా? అదే రాస్తాను. పరీక్ష రద్దు, మళ్ళీ వంద గంటలు తిప్పుదాం. నిన్ను మాత్రం పైవాళ్ళ ముందు నేను కాచుకుంటాను.”

తప్పించుకునే దారి అది. ఆవిడే తలుపు తీసి పట్టుకుంది. ఊ అంటే చాలు. కాగితం అక్కడే ఉంది.

“మొదటిసారి తుడిచింది అలవాటు మేడమ్” అన్నాడు అమాడో. “సగమే ఊడింది. రెండోసారి తెలిసే తుడిచాను. సగం సగం ఉంటే దొరికిపోతానని గుడ్డ ముంచి మరీ తుడిచాను.”

ఆవిడ చేతిలో కలం ఆగిపోయింది.

“నా కోసమా?” అన్నాడు రెంబెర్టో నెమ్మదిగా.

“నీదని నాకేం తెలుసు బావా? నా కోసమే.”

పక్క గదిలో ఇంకెవరి ఇంజినో వంద గంటల లెక్కలో తిరుగుతూనే ఉంది. డెల్ఫీనా కలం అతని వైపు తిప్పి ఇచ్చింది.

“నువ్వే రాయి. రెండూ రాయి.”

రాశాడు. అక్షరాలు వంకర పోయాయి గానీ ఒక్క మాట కూడా విడిచిపెట్టలేదు. ఆవిడ చదివి, చెయ్యి చాచింది.

“బ్యాడ్జి. మొదటిదానికైతే నీ తరఫున ఎవరితోనైనా కొట్లాడేదాన్ని అమాడో. రెండోదానికి కొట్లాడలేను.” ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. “గుడ్డ ఇక్కడే ఉంచు. అది కూడా ఇప్పుడు సాక్ష్యమే.”

బయట ఎండ నెత్తి మాడుస్తోంది. అమాడో ఖాళీ జేబు తడుముకుంటూ తన పికప్ దగ్గరికి నడిచాడు. వెనక రెంబెర్టో పరిగెత్తుకొచ్చాడు. తిడతాడనుకుని తల దించుకున్నాడు.

తిట్టాడు కూడా. “నీ నోరు పడిపోను! రెండోది కూడా చెప్పాలా? ఆవిడ ఎలాగూ రద్దు చేస్తానంది కదరా. నా పరీక్ష పోనే పోయింది, నీ ఉద్యోగం కూడా ఎందుకు పోగొట్టుకున్నావు?”

అమాడో తలుపు తీసి కూర్చుని తాళం తిప్పాడు. పెట్రోలు ముల్లు అడుగున ఉంది. అలవాటు కొద్దీ రోడ్డుకి అవతల చూశాడు. కాలికో బంకు పచ్చ బోర్డు ఎండలో మెరుస్తోంది.

రెంబెర్టో కూడా అటే చూశాడు. కిటికీ అంచు మీద చెయ్యి వేశాడు.

“ఆ మూడూ… అరవై దాకా ఉన్నాయి కదూ” అన్నాడు.

“ఉన్నాయి.”

“ఇవాళే ఫోను చేస్తా, మందు పాత లెక్కకి పెంచమని. అది బంకుల దాకా రావడానికి రెండు వారాలు పడుద్ది.” కిటికీ మీంచి చెయ్యి తీశాడు. “అప్పటిదాకా మా దగ్గర పోయించుకోకు బావా. యెసేనియాకి కూడా చెప్పు.”