బ్యాష్‌ఫుల్ అల్లుడు

జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు సంగీతకు ఇంగ్లీషు మేడం ఒక మాట పుట్టుక చెప్పింది. బ్యాష్‌ఫుల్ అంటే సిగ్గరి. ఆ మాట వెనుక పాత ఫ్రెంచి మాట ఒకటుంది. దానర్థం, ఆశ్చర్యంతో నోరు తెరుచుకుని ఉండిపోవడం. పరీక్షలో రాసి మరిచిపోయిన ఆ సంగతి పెళ్లయ్యాక ఇలా అక్కరకొస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"ఆయనకు నేను నచ్చకగాదే అమ్మా. సిగ్గు! సిగ్గంటే ఇష్టం లేకపోవుడు గాదు, ఇచ్చంత్రపడి మాట పెగలకపోవుడు. ఇంగ్లీష్‌ల గట్లనే ఉంది."

"గా ఇంగ్లీష్ నాకెందుకు బిడ్డా?" అంది ఫోన్లో ముత్తమ్మ. "పెండ్లిల నోరు ఇప్పలే. బలిమిట కట్టబెట్టినమా అని నలుగురు అడుగుతున్నరు. రేపు గడపకాడ పిలగాని నోట నీ పేరు ఇంటె, అప్పుడు నమ్ముత."

మర్నాడు మొగుడితో సిరిసిల్లలో బస్సెక్కిన దగ్గర్నుంచి సంగీతకు అదే పని.

"ఏదీ, ఒక్కపారి అను. 'సంగీతతోని అచ్చిన.' గంతే!"

అజయ్ పల్లీల పొట్టు ఊది ఆమె దోసిట్లో పోశాడు. కిటికీ సీటు ఆమెకే ఇచ్చాడు. గదిలో ఇద్దరే ఉంటే వసపిట్టలా వాగే మనిషి, బస్సులో పెదవి విప్పడు! వేములవాడలో యాత్రికులంతా ఎక్కాక మరీ మూగవాడయ్యాడు. ముద్దొస్తాడు, అదే మంట.

కోరుట్లలో పుట్టింటి గడపకు చెల్లె సౌమ్య చున్నీ అడ్డం పట్టింది. వెనుక వాడంతా నిలబడింది. సంగీత గబగబా "అజయ్‌తోని అచ్చిన" అనేసింది.

"ఇగ నువ్వు, బావా!"

అజయ్ పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. అతను పనిచేసే సాంచెల కార్ఖానాలో, ఆ మరమగ్గాల మోతకు మనుషులు మాట్లాడుకునేది అట్లాగే, పెదవులతో, చేతులతో. పాపం, అతని లెక్కన చెప్పేశాడు.

"ఇనబడలే బావా! మా అక్క పేరు ఎరుకలేదా?"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. లోపల పొయ్యి దగ్గర ముత్తమ్మ మాత్రం నవ్వలేదు. చేతిలో గరిటె ఆగిపోయింది. సంగీతకు తిక్క రేగింది.

"ఓ అయ్యా! ఇక్కడ సాంచె నడుస్తలేదు! గట్టిగ అను!"

కార్ఖానాలో పెదవులతో పని కాకపోతే ఇంకొకటే దారి. అజయ్ కళ్లు మూసుకుని, ఆ మూల సాంచె దగ్గరి మనిషిని కేకేసినట్టు అరిచాడు.

"సంగీతతోని అచ్చినా!"

సౌమ్య చేతిలో చున్నీ జారిపోయింది. ఎదురింటి మొగిలవ్వ ఏమైందోనని వాకిట్లోకొచ్చింది.

"ఏం ఒర్లుడయ్యా గది!" అని సంగీత తల పట్టుకుంది.

ముత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ గడప దాకా వచ్చింది.

"పొయ్యికాడ ఉంటి బిడ్డా, సరిగ్గ ఇనలే," అంది. "ఇంకొక్కపారి అనుమను."