సరంగత్త

రేవులో అందరూ ఆమెను సరంగత్త అనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్ళుగా పడవ నడుపుతున్న సరంగు, పైగా నోరున్న అత్త. ఆ రెండూ కలిపి ఎవరు పెట్టారో గానీ, పేరు మాత్రం చక్కగా అతికింది.

అరవై దాటినవాళ్ళు చుక్కాని పట్టకూడదని ఈ మధ్యే కొత్త నిబంధన వచ్చింది. ఇక పడవ కోడలి చేతికి రావాలి. దానికి ఈ పూటే పరీక్ష. ఎనిమిది మంది ప్రయాణికులను దీవికి తీసుకెళ్ళి, పడవను ఇసుక ఒడ్డుకు క్షేమంగా చేర్చాలి. చేరిస్తే లైసెన్సు. తప్పితే ఏడాదిపాటు పడవ కట్టుకొయ్య దగ్గరే.

"దారిలో మీ నోటినుంచి ఒక్క సలహా వచ్చినా పరీక్ష పోయినట్టే," అన్నాడు రేవు ఆఫీసరు, సరంగత్త వైపే చూస్తూ.

"నేనెందుకు మాట్లాడతానండీ, నాకేం పని?" అందామె.

ఇంజను దగ్గర కోడలు కిసుక్కున నవ్వింది.

అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడల్లేని అత్త గుణవంతురాలు అని పెద్దలు ఊరికే అన్నారా! కూరలో ఉప్పు నుంచి తాడు ముడి దాకా ఆ ఇంట్లో అన్నిటికీ వాదనే. అయినా సరంగత్త మూడేళ్ళు కూర్చోబెట్టి కోడలికి పని నేర్పింది. అన్నిటికన్నా గట్టిగా నేర్పింది ఒకటుంది. దీవి ముందు రెండు రాళ్ళున్నాయి. పడవ దగ్గరయ్యేకొద్దీ పెద్దది చిన్నదాన్ని కప్పేస్తుంది. "పెద్ద రాయి చిన్న రాయిని మింగగానే ఎడమకి తిప్పు. అక్కడే లోతు." ఈ మాట కోడలికి నిద్రలో లేపి అడిగినా వచ్చు.

గంటకు దీవి కనిపించింది. కొబ్బరిచెట్లు, ఆకుపచ్చటి నీళ్ళు, ఒక్క అడుగుజాడైనా లేని తెల్లటి ఇసుక. ప్రయాణికులు నోళ్ళు తెరిచి ఫోన్లు పైకెత్తారు. సరంగత్త మాత్రం రాళ్ళనే చూస్తోంది.

మింగింది. చిన్న రాయి పూర్తిగా మాయమైంది. కోడలు తిప్పలేదు.

'ఓసి నీ దుంపతెగ, తిప్పవే!' మాట పెదవుల దాకా వచ్చింది. సరంగత్త మెడలో తువ్వాలు అంచు నోట్లో కుక్కుకుని పళ్ళతో బిగించింది. పడవలోనే ఉన్న ఆఫీసరు ఆమెనే చూస్తున్నాడు.

కోడలు వేగం తగ్గించి లేచి నిలబడింది. కాసేపు నీళ్ళవంక చూసింది. తరవాత కుడికి తిప్పింది. కుడికి! రాళ్ళను చుట్టి వచ్చి, ఇంజను ఆపేసి, వెనకనుంచి వచ్చే అల కోసం ఆగింది. నిద్రపోయిన బిడ్డను పక్కమీద దించినట్టు, ఆ అల పడవను ఇసుకమీద దించింది.

అందరికన్నా ముందు దిగింది సరంగత్త. గబగబా తన పాత దారి దగ్గరికి నడిచి నీళ్ళలోకి దిగింది. పీకల్లోతు ఉండాల్సిన చోట మోకాళ్ళు కూడా తడవలేదు. పోయిన నెల గాలివాన ఇసుకనంతా అక్కడికి తోసేసింది. ఆ తరవాత ఇటు రావడం ఇదే మొదలు.

"నీకెలా తెలిసింది?"

"అలలు అక్కడ తెల్లగా విరుగుతున్నాయి అత్తయ్యా. లోతుంటే విరగవుగా. ఇసుక మారుంటుందని నిన్ననే చెబుదామనుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్పనిస్తేగా!"

ఆఫీసరు కాగితంమీద సంతకం పెట్టి సరంగత్తకు చేతులు జోడించాడు. "మీరు చూపించిన దారే కదమ్మా."

అవునని తల ఊపితే పోయేది. ఎవరికీ తెలిసేది కాదు. కానీ కోడలిమీద గర్వంతో ఆమె గుండె ఉప్పొంగిపోతోంది, అబద్ధం ఆడనిస్తేగా.

"నా దారిలో వచ్చుంటే మీరీపాటికి ప్యాంటు మడుచుకుని పడవ తోస్తుండేవారు. ఆ దారి దానిదేనండీ. నాకు తెలియదు."

కోడలు తల వంచుకుని, అప్పటికే ముడి వేసిన తాడును మళ్ళీ ముడి వేసింది.

తిరుగు ప్రయాణంలో సరంగత్త బతుకులో మొదటిసారి ప్రయాణికుల బల్లమీద కూర్చుంది. పక్కనున్నావిడ అడిగింది: "అందరూ మిమ్మల్ని సరంగత్త అంటున్నారు. మీరూ పడవ నడుపుతారా?"

"లేదమ్మా," అంది ఆమె, వెన్ను నిటారుగా పెట్టి చుక్కాని వైపు చెయ్యి చూపిస్తూ. "అదిగో, ఆ సరంగుకి అత్తని."